టైమ్ తగ్గని ఏడాది

(కర్నూలులో వేసవి ఈత శిబిరం చివరి రోజు సాయంత్రం, పిల్లల ముందు, వాళ్ల తల్లిదండ్రుల ముందు ఒక స్విమ్మర్ చేసిన ప్రసంగం. ఆరోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. పిల్లలూ, ముందుకు రండి. తల తడిగా ఉన్నా పర్వాలేదు, రండి. అమ్మలు, నాన్నలు వెనక కుర్చీల్లో కూర్చోండి. ఈరోజు నేను ఎక్కువగా పిల్లలతోనే మాట్లాడతాను. మధ్యలో మీతోనూ మాట్లాడాల్సింది ఉంది, అప్పుడు చెప్తాను.

ముందు ఒక ప్రశ్న. ఈ శిబిరంలో టైమ్ తగ్గినవాళ్లు, అంటే అదే దూరం ముందుకంటే తక్కువ సెకన్లలో ఈదినవాళ్లు, ఎంతమంది? చేతులెత్తండి. బాగుంది, చాలామందే ఉన్నారు. దించండి. ఇప్పుడు టైమ్ తగ్గనివాళ్లు ఎత్తండి. ఎత్తండమ్మా, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఒకటి, రెండు, మూడు... ఆ చివర నీలం టీషర్టు పాప సగం ఎత్తి దించేసింది. చూశాను తల్లీ. ఈరోజు నేను వచ్చింది నీకోసమే. టైమ్ తగ్గినవాళ్లకు నేను చెప్పాల్సింది పెద్దగా లేదు. వాళ్లకు చెప్పాల్సింది వాచీయే చెప్పేసింది. మరి తగ్గనివాళ్లకు ఎవరు చెప్పాలి? అది చెప్పేవాళ్లు లేకే పిల్లలు నీళ్లు వదిలేసి పోతున్నారు. నేను కూడా ఒకసారి వదిలేసినదాన్నే.

మాది కాలువ పక్క పల్లె. కె.సి. కెనాల్ మీ అందరికీ తెలుసు, రోజూ దాని మీది వంతెన దాటే మీలో సగం మంది ఇక్కడికి వస్తున్నారు. సుంకేసుల దగ్గర తుంగభద్రలోంచి బయల్దేరి కడప దాకా పోయే కాలువ అది. 1860లలో ఒక ఇంగ్లీషు ప్రైవేటు కంపెనీవాళ్లు తవ్వించారు. పొలాలకు నీళ్లే కాదు, పడవలు కూడా నడపాలని వాళ్ల ఆలోచన. కంపెనీకి గిట్టక 1882లో ప్రభుత్వం కొనేసింది. మా చిన్నప్పుడు ఆ కాలువకు నీళ్లు వదిలారంటే ఊరంతా గట్టు మీదే.

కానీ నాకు మా నాయన ఈత నేర్పింది కాలువలో కాదు, మా చేని బావిలో. నడుముకు రెండు ఎండు సొరబుర్రలు కట్టి, తను మెట్టు మీద నిలబడి, నన్ను నీళ్లలోకి వదిలేవాడు. "కాళ్లు కొట్టు మే, కాళ్లు కొట్టు" అని అరిచేవాడు. పది రోజులకు ఒక బుర్ర తీసేశాడు. ఇంకో వారానికి రెండోది కూడా తీసేశాడు. తీసేసిన సంగతి నాకు చెప్పలేదు. బావి అటు చివరికి పోయి తడుముకుంటే నడుముకు ఏమీ లేదు!

కాలువలో ఎందుకు నేర్పలేదని తర్వాత అడిగాను. "కాలువలోకి దిగడం సులువు, ఎక్కడమే కష్టం" అన్నాడు. ఈ మాట మీరందరూ గుర్తుపెట్టుకోవాలి. సిమెంటు చేసిన చోట కాలువ గట్టు ఏటవాలుగా ఉంటుంది, దాని మీద పాచి ఉంటుంది. చెయ్యి ఆనదు, కాలు ఆనదు. నీళ్లు తోసుకుపోతూనే ఉంటాయి. ఇక్కడ నాలుగు వారాలు ఈత నేర్చుకున్న ధైర్యంతో వచ్చే ఆదివారం స్నేహితులతో కాలువకు పోదామని మీలో ఎవరైనా అనుకుంటున్నారా? అనుకుంటే ఇప్పుడే మానుకోండి. ఎవరైనా మునుగుతుంటే మీరు దూకొద్దు. తాడో, చున్నీయో, మూతపెట్టిన ఖాళీ క్యానో విసరండి, పెద్దగా కేకలేయండి. నీళ్లలో భయపడినవాడి పట్టు ఎంత గట్టిగా ఉంటుందో పట్టుబడినవాళ్లకే తెలుసు. పెద్ద పెద్ద ఈతగాళ్లు కూడా అట్లా పోయినవాళ్లున్నారు.

సరే, అసలు సంగతికి వస్తాను.

పదకొండేళ్లకు మొదటిసారి ఈతకొలనులో దిగాను. బావిలో గంటసేపు ఈదేదాన్ని, నాకంతా వచ్చు అనుకున్నాను. కోచ్ సార్ ఒక్క లెంగ్త్, అంటే కొలను ఈ చివర నుంచి ఆ చివరిదాకా, చూసి, "తల దించు" అన్నారు. నాకు అర్థం కాలేదు. తల దించితే ముక్కులోకి నీళ్లు పోతాయి కదా? బావిలో ఈదేవాళ్లందరం తల పైకెత్తే ఈదుతాం. ఎదురుగా ఏముందో చూసుకోవాలి కాబట్టి. కానీ తల లేచిందంటే నడుము దిగుతుంది. నడుము దిగిందంటే ఒళ్లంతా నీళ్లకు అడ్డం పడుతుంది. నీళ్లు గాలి కంటే దాదాపు 800 రెట్లు చిక్కన. పరుగు పందెంలో ఛాతీ విరుచుకుని పరిగెత్తినా పెద్దగా పోయేది లేదు. నీళ్లలో గడ్డం ఒక్క అంగుళం లేచినా బరువు లాగుతున్నట్టే. మీ సార్‌వాళ్లు రోజూ "స్ట్రీమ్‌లైన్, స్ట్రీమ్‌లైన్" అని అరుస్తుంటారే, అది ఇందుకే. గోడను తన్ని బయల్దేరినప్పుడు చేతులు చెవుల వెనక, అరచెయ్యి మీద అరచెయ్యి. నీళ్లను దారి ఇమ్మని అడుగుతున్నట్టు ఉండాలి.

నాకు కుదిరింది బ్రెస్ట్‌స్ట్రోక్. ఇక్కడి చిన్నపిల్లలు కప్ప ఈత అంటారు కదా, అదే. రెండేళ్లలో టైమ్ గబగబా పడిపోయింది. ప్రతి పోటీకి మూడు సెకన్లు, నాలుగు సెకన్లు తగ్గేది. ఇంటికొచ్చి చెప్పడం, మా జేజి దిష్టి తియ్యడం, అదే పని. వంద మీటర్లు 1 నిమిషం 31 సెకన్లకు వచ్చాను. అప్పుడు నాకు పన్నెండు దాటి పదమూడు నడుస్తోంది.

అక్కడ ఆగిపోయింది.

ఎన్నాళ్లు ఆగిపోయింది? ఒక నెలా? రెండు నెలలా? పధ్నాలుగు నెలలు! 1:31, 1:32, 1:31, ఒకసారి 1:33. ఉదయం, సాయంత్రం, రెండు పూటలా పోయేదాన్ని. ఇంకా ఎక్కువ కష్టపడ్డాను. చేతులు ఇంకా వేగంగా వేశాను. వాచీ కదల్లేదు. నాకంటే వెనక ఉన్న పిల్లలు నన్ను దాటిపోయారు. ఒక సెలెక్షన్‌కు పోయాం. అక్కడ చూడ్డానికి వచ్చిన ఒక పెద్దాయన, పేరు అవసరం లేదు, నేను పక్కన తువ్వాలు కప్పుకుని నిలబడి ఉండగానే మా నాయనతో అన్నాడు: "ఈ అమ్మాయిది అయిపోయిందండీ. ఇంక చదువు చూసుకోమనండి."

నాకప్పుడు పదమూడేళ్లు. పదమూడేళ్ల పిల్లతో అయిపోయింది అంటే ఏం అర్థం చేసుకోవాలి? ఏం అయిపోయింది? అసలు మొదలైంది ఎక్కడ?

బస్సులో మా నాయన ఊరొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. డోన్‌లో బస్సు ఆగితే శనక్కాయలు కొని నా ఒళ్లో పెట్టాడు. నేను తినలేదు. మర్నాడు నుంచి పూల్‌కు పోలేదు. నలభై రోజులు పోలేదు. ఎవరూ రమ్మనలేదు. అది కూడా చెప్పాలి. రెండేళ్లు రోజుకు రెండు పూటలా నన్ను చూసినవాళ్లలో ఒక్కరు కూడా, ఆ పిల్ల ఎందుకు రావడం లేదని కనుక్కోలేదు. వాళ్లు చెడ్డవాళ్లని నేను అనను. టైమ్ ఉన్నన్నాళ్లు పిల్ల కనిపిస్తుంది. టైమ్ పోతే కనిపించదు. అట్లా అలవాటైపోయింది మనకు.

ఎవరు కనుక్కున్నారంటే, ఒక అక్క. ఉద్యోగం చేసుకుంటూ సీనియర్ పోటీల్లో ఈదేది. పోటీల దగ్గర ఒకటి రెండుసార్లు చూసిన ముఖమే, పెద్దగా పరిచయం కూడా లేదు. సెలవు మీద వాళ్ల అత్తగారింటికి కర్నూలు వచ్చి, నా గురించి అడిగి, రావడం లేదని తెలిసి, అడ్రసు కనుక్కుని మా ఇంటికి వచ్చింది. మా అమ్మ ఉగ్గాని చేసి పెట్టింది. తిన్నది, చెయ్యి కడుక్కుంది, నన్ను ఒకే మాట అడిగింది.

"ఒక లెంగ్త్‌కు ఎన్ని బారలు వేస్తావు?"

బార అంటే చేతులు ఒకసారి చాచి లాగడం. నాకు తెలియదు. మూడేళ్లుగా ఈదుతున్నాను. సెకనులో వందో వంతు వరకు నా టైమ్‌లన్నీ నోటికి వచ్చు. ఎన్ని బారలు వేస్తానో తెలియదు. మీలో ఎవరికి తెలుసు? చెప్పండి. ఇరవై ఐదు మీటర్లకు ఎన్ని? చూశారా, అదే నేను చెప్పేది.

మర్నాడు పొద్దున ఆ అక్కతో పూల్‌కు పోయాను. వంద మీటర్లు ఈదమంది. తను గట్టు మీద నాతోపాటే నడుస్తూ లెక్కపెట్టింది. మొదటి లెంగ్త్ 12 బారలు. రెండోది 14. మూడోది 15. నాలుగోది 17. ఒక చిన్న నోటుపుస్తకంలో రాసి నాకు చూపించింది. "చూడు, నువ్వు అలసిపోయేకొద్దీ చేతులు ఎక్కువ వేస్తున్నావు. ఒక్కో బారకు పోయే దూరం తగ్గిపోతోంది. నీ బలం ఎక్కడికీ పోలేదు, నీళ్లలో కారిపోతోంది" అన్నది.

ఆ తర్వాత చేసిన పని నాకు ఈరోజుకీ కళ్ల ముందు ఉంది. నన్ను గట్టు మీద, తడి సిమెంటు మీద బోర్లా పడుకోమంది. "కాలు పట్టుకోవచ్చా?" అని అడిగింది. అప్పటిదాకా నన్ను అట్లా అడిగినవాళ్లు ఎవరూ లేరు. ఊఁ అన్నాను. నా రెండు మడమలు రెండు చేతుల్తో పట్టుకుని మెల్లగా వెనక్కి, పిరుదుల వైపు తెచ్చింది. పాదాలు బయటికి తిప్పింది. తర్వాత గుండ్రంగా తోసి రెండూ కలిపింది. "మడమలు వెనక్కి రావాలి, మోకాళ్లు కడుపు కిందికి రాకూడదు. మళ్లీ." ఎన్నిసార్లు చేయించిందో. సిమెంటు గరుకుకు నా గడ్డం కింద చర్మం లేచింది. తను మోకాళ్ల మీద కూర్చునే ఉంది, చీర కుచ్చిళ్లు తడిసిపోయాయి. నలభై దాకా లెక్కపెట్టుకున్నాను, ఆ తర్వాత లెక్క మర్చిపోయాను.

నాకు అప్పుడు అర్థమైంది ఇది. ఆ ఏడాదిలో నేను బెత్తెడు దాకా పొడుగయ్యాను. కాళ్లు పెరిగాయి, చేతులు పెరిగాయి. నా ఈత మాత్రం పాత కొలతల్లోనే ఉంది. పోయిన ఉగాదికి కుట్టించిన పావడా ఈ ఉగాదికి పిక్కల దాకా వస్తే మనం ఏం చేస్తాం? మడత విప్పుతాం, చాలకపోతే కొత్తది కుట్టిస్తాం. పిల్ల పాడైపోయింది అంటామా? ఈత కూడా అంతే. మోకాళ్లు ముందుకు లాక్కునే అలవాటు చిన్న కాళ్లకు సరిపోయింది. కాళ్లు పెరిగాక అవే తొడలు నీళ్లకు అడ్డం పడుతున్నాయి. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో ముందుకు తోసేది చాలావరకు కాళ్లే. తన్ను చెడిందంటే చేతులు ఎంత వేసినా లాభం లేదు.

ఆడపిల్లలు సుమారుగా పదకొండు, పన్నెండేళ్లప్పుడు గబగబా పొడుగవుతారు. మగపిల్లలకు అది ఇంకో రెండేళ్లు ఆలస్యం. అందుకే అదే పూల్‌లో అదే వయసు పిల్లలు ఇద్దరుంటే, ఒకరికి టైమ్ ఆగిపోతుంది, ఒకరికి తగ్గుతూ ఉంటుంది. ఇందులో ఎవరి గొప్పా లేదు, ఎవరి తప్పూ లేదు. కోచ్‌లకు ఇది తెలుసు. కానీ పిల్లకు ఎవరైనా చెప్పారా? నేను అడిగేది అది. చెప్పకపోతే ఆ పిల్ల రాత్రి పడుకుని, "నాలోనే ఏదో లోపం ఉంది" అనుకుంటుంది.

ఇదిగో, ఆ నోటుపుస్తకం తెచ్చాను. అక్క నాకే ఇచ్చేసింది. జాగ్రత్తగా చూడండి, పేజీలు విడిపోతాయి. గోధుమరంగు మరక కనిపిస్తోందా? అది 2009 అక్టోబరు వరద. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి ఊళ్లోకి వచ్చిన ఆ రాత్రి మీ ఇళ్లలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అప్పటికి మేం కర్నూలులో అద్దెకుండేవాళ్లం. అందరం మేడ మీదికి పోయాం, పుస్తకం కింద బీరువాలోనే ఉండిపోయింది. నీళ్లు తీసినాక ఒండ్రుమట్టిలోంచి తీసి, ఒక్కో పేజీ విడదీసి మిద్దె మీద ఆరబెట్టుకున్నాను. బాల్‌పెన్నుతో రాసింది కాబట్టి అంకెలు నిలిచాయి. ఇక్కడ చూడండి, 12, 14, 15, 17. ఇది మొదటి రోజు. నెల తర్వాత 12, 13, 14, 15. పక్కన ఏం రాశానో చదువుతాను: "టైమ్ 1:31. తగ్గలేదు." ఇంకో నెల. 11, 12, 13, 13. "టైమ్ 1:31. తగ్గలేదు."

అర్థమవుతోందా పిల్లలూ? టైమ్ తగ్గలేదు. కానీ ఏదో తగ్గుతోంది! వాచీకి కనపడనిది ఏదో ఈ పుస్తకంలో కనపడుతోంది. ఆ రెండు నెలలు నేను పూల్‌కు పోయింది ఈ అంకెల కోసమే. వాచీ కోసమే అయితే పోయేదాన్ని కాదు.

లెక్కపెట్టడం అంటే మరో సంగతి గుర్తొస్తుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ ఈదిన 200 మీటర్ల బటర్‌ఫ్లై, రెండు చేతులూ ఒకేసారి ముందుకు విసిరే ఈత. మీలో చాలామంది అప్పటికి పుట్టలేదు. నీళ్లలోకి దూకగానే గాగుల్స్‌లోకి నీళ్లు రావడం మొదలైంది. చివరికి వచ్చేసరికి గోడ కూడా కనపడటం లేదు. ఆగాడా? బారలు లెక్కపెట్టుకుంటూ ఈదాడు. ఏ బారకు గోడ వస్తుందో ఆయనకు ముందే తెలుసు. 1:52.03తో ప్రపంచ రికార్డు, బంగారు పతకం. ఆ ఒలింపిక్స్‌లో ఎనిమిది బంగారు పతకాలు గెలిచాడాయన. అందులో 100 బటర్‌ఫ్లై సెకనులో వందో వంతు తేడాతో గెలిచాడు. వందో వంతు గురించి అందరూ చెప్తారు. నాకు మాత్రం కళ్లు కనపడకపోయినా లెక్క తప్పని ఆ 200 అంటేనే ఇష్టం.

మన సాజన్ ప్రకాశ్ సంగతి కూడా చెప్పాలి. కేరళ అబ్బాయి. మెడలో డిస్క్ గాయంతో చాలా ఇబ్బంది పడ్డాడు. 2021లో రోమ్‌లో 200 బటర్‌ఫ్లై 1:56.38లో ఈదాడు. ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత ఇచ్చే టైమ్, 'ఏ' కట్ అంటారు, 1:56.48. సెకనులో పదో వంతు ముందు! ఆ కట్ అందుకున్న మొదటి భారతీయ స్విమ్మర్ ఆయనే. అప్పటికి ఆయనకు ఇరవై ఏడేళ్లు. పదమూడేళ్లకు అయిపోయిందన్న పెద్దాయన నాకు మళ్లీ ఎక్కడైనా కనిపిస్తే, ఈ ఒక్క అంకె చెప్పాలని ఉంది.

అమ్మలతో, నాన్నలతో

ఇప్పుడు పెద్దవాళ్లతో మాట్లాడతాను. ముందు అమ్మలతో.

అమ్మా, ఈ శిబిరంలో పదేళ్ల లోపు ఆడపిల్లలు ఎంతమంది ఉన్నారో చూడండి. ముందు రెండు వరుసల్లో ఇంచుమించు సగం వాళ్లే. పద్నాలుగు దాటిన ఆడపిల్లలు ఎంతమంది? నేను లెక్కపెట్టాను. నలుగురు. మిగతావాళ్లు ఏమయ్యారు? వాళ్లకు ఈత రాక పోయారా? కాదు కదా.

ఏమయ్యారో మనందరికీ తెలుసు, పైకి చెప్పుకోం. పిల్ల పెద్దమనిషి అయ్యింది, ఇంక ఆ బట్టల్లో వద్దు అంటాం. ఎండకు నల్లబడిపోతోంది, రేపు సంబంధాలు రావు అంటాం. క్లోరిన్‌కు జుట్టు ఊడిపోతోంది అంటాం. పదో తరగతి అంటాం. ఒక్కో మాట విడిగా వింటే నిజమే అనిపిస్తుంది. కానీ ఇవన్నీ ఏ వయసులో వస్తున్నాయో చూడండి. సరిగ్గా టైమ్ ఆగిపోయే వయసులోనే. పిల్ల అప్పటికే లోపల కుమిలిపోతూ ఉంటుంది. మనం వద్దంటే కాదనడానికి దాని దగ్గర ఒక పతకం కూడా ఉండదు. "సరేలే అమ్మా" అంటుంది. పిల్ల తనే మానేసిందని మనం అనుకుంటాం.

బట్టల సంగతి: మోకాళ్ల దాకా వచ్చే స్విమ్ సూట్లు ఉన్నాయి, పెద్ద పోటీల్లో వేసేవి కూడా అవే. నలుపు సంగతి: పొద్దున ఎండ ఎక్కకముందు, సాయంత్రం ఎండ తగ్గాక నీళ్లలో దించితే చాలావరకు తీరుతుంది. జుట్టు సంగతి: దిగేముందు మంచినీళ్లతో తల తడిపి కొంచెం కొబ్బరినూనె రాసి క్యాప్ పెట్టండి, అప్పటికే తడిసిన జుట్టు క్లోరిన్ నీళ్లను తక్కువ పీలుస్తుంది. నెలసరి సంగతి: ఆ రోజుల్లో ఈత ఆరోగ్యానికి చెరుపు కాదు. దిగాలా వద్దా అన్నది పిల్ల ఇష్టం. దిగకపోతే గట్టు మీద కూర్చుని మిగతావాళ్ల బారలు లెక్కపెట్టనివ్వండి. పూల్‌కు రావడం మాత్రం మానకూడదు. కోచ్‌కు చెప్పడానికి పిల్ల మొహమాటపడుతుంటే మీరు చెప్పండి. సార్‌లు కూడా ఆ మాట విని తల పక్కకు తిప్పుకోకండి, మామూలుగా సరే అనండి. అంతే చాలు.

2024 పారిస్ ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి పోయిన వాళ్లందరిలోకీ చిన్నది ధీనిధి దేసింగు. పద్నాలుగేళ్లు. బెంగళూరు అమ్మాయి. 200 మీటర్ల ఫ్రీస్టైల్ 2:06.96. బెంగళూరు మనకెంత దూరం? రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగుతాం. అక్కడ పద్నాలుగేళ్ల పిల్ల ఒలింపిక్స్‌కు పోతుంటే, ఇక్కడ పద్నాలుగేళ్ల పిల్ల గేటు బయట తమ్ముడి చెప్పులు పట్టుకుని నిలబడుతోంది. ఈ నెలలోనే నా కళ్లతో చూశాను. రెండేళ్ల క్రితం అదే పూల్‌లో మూడో లేన్‌లో ఈదిన పిల్ల తను.

ఇప్పుడు నాన్నలతో. గ్యాలరీలో కూర్చుని ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టే నాన్నలున్నారు. మీ ప్రేమ నాకు తెలుసు. పొద్దున నాలుగున్నరకు లేచి, బండి మీద పిల్లను తెచ్చి, మళ్లీ డ్యూటీకి పోతున్నారు. ఒక్కటే అడుగుతున్నాను. పిల్ల నీళ్లలోంచి లేవగానే మొట్టమొదట చూసేది మీ ముఖం. గోడకు చెయ్యి ఆనగానే ఎటు చూస్తుందో గమనించండి, వాచీ వైపు కాదు, మీ వైపు. ఆ క్షణంలో మీ కళ్లు ఫోన్‌లో ఉంటే, నొసలు ముడిపడి ఉంటే, సెకన్లు ఎన్నో తెలియకముందే పిల్లకు ఫలితం తెలిసిపోతుంది. ఫోన్ జేబులో పెట్టండి. టైమ్ రాసుకోవడానికి కోచ్ ఉన్నారు.

తిండి గురించి చాలామంది అడిగారు, రెండు మాటలు చెప్తాను. ప్రాక్టీసు అయిన గంట లోపల ఏదైనా తినాలి. అరటిపండు, ఉడకబెట్టిన గుడ్డు, నానబెట్టిన శనగలు, జొన్నరొట్టె, రాగిసంగటి, ఇంట్లో ఏదుంటే అది. డబ్బాల్లో పొడులు కొనక్కర్లేదు. మంచినీళ్ల సంగతి మాత్రం మర్చిపోకండి. నీళ్లలో ఉన్నా చెమట పడుతుంది, కనపడదంతే. పోటీ పూల్‌లో నీళ్లు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలని నియమం. మన కర్నూలు మే నెలలో ఆరుబయటి కొలను ఎట్లా కాగుతుందో మీకు తెలుసు. ఆ వేడినీళ్లలో పిల్లలు త్వరగా అలసిపోతారు, టైమ్ కూడా రాదు. ఎండాకాలం టైమ్ చూసి పిల్లను ఏమీ అనకండి.

పెద్దపిల్లలతో

చివరగా, వెనక నిలబడి ఉన్న పదహారు, పదిహేడేళ్ల వాళ్లతో. మీరు వచ్చే నెల నుంచి చిన్నపిల్లలకు తలా ఒక లేన్ చూసుకుంటామని ఒప్పుకున్నారు. నాకు చాలా సంతోషంగా ఉంది. మీరు కోచ్‌లు కారు. కోచ్ చేసే పని కోచ్ చేస్తారు. మీ పని నాకోసం ఆ అక్క చేసిన పని.

ఒకసారి ఒక్క తప్పే చెప్పండి. తల, చెయ్యి, కాలు, ఊపిరి అన్నీ ఒకేసారి చెప్తే పిల్ల ఏదీ చెయ్యలేదు. పిల్ల ఒంటి మీద చెయ్యి వేసేముందు అడగండి, అమ్మాయి అయినా, అబ్బాయి అయినా. ఎప్పుడూ నలుగురు చూసే చోటే నేర్పించండి, తల్లిదండ్రులు వచ్చి చూస్తామంటే చూడనివ్వండి. రేసు అయిపోయి పైకి వచ్చిన పిల్లను టైమ్ ఎంత అని అడగొద్దు. ఎట్లా అనిపించింది అని అడగండి. పోయినేడు ఇక్కడే ఒక పిల్లవాడు ఫైనల్లో అందరికంటే ముందు వచ్చాడు. కానీ చివర్లో గోడకు ఒక చెయ్యే ఆనించాడు. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో, బటర్‌ఫ్లైలో రెండు చేతులూ ఒకేసారి తగలాలి కదా, డిస్‌క్వాలిఫై అయ్యాడు. అందరూ వాడికి రూలు చెప్పడం మొదలుపెట్టారు. రూలు వాడికి తెలియదా? మీలో ఒకబ్బాయి మాత్రం ఏమీ మాట్లాడకుండా తువ్వాలు తెచ్చి వాడి తల మీద కప్పి పక్కన కూర్చున్నాడు. ముఖం కనపడకుండా ఏడ్చుకోవడానికి. వాడు మర్నాడు పొద్దునే ప్రాక్టీసుకు వచ్చాడు. ఆ తువ్వాలు వల్లే వచ్చాడని నా నమ్మకం.

ఆరతీ సాహా పేరు విన్నారా? నా లాగే బ్రెస్ట్‌స్ట్రోక్ మనిషి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ ఈదింది, అప్పటికి ఇంకా పన్నెండేళ్లు కూడా నిండలేదు. 1959లో ఇంగ్లిష్ ఛానెల్, అంటే ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మధ్య ఉన్న సముద్రం, ఈదడానికి పోయింది. ఆగస్టు 27న దిగింది. గంటల తరబడి ఈదింది. తీరం ఇంకా కొన్ని మైళ్లే ఉందనగా ప్రవాహం ఎదురు తిరిగి ఆగిపోవాల్సి వచ్చింది. సెప్టెంబరు 29న మళ్లీ దిగి, 16 గంటల 20 నిమిషాలు ఈది దాటింది. ఆసియాలో ఛానెల్ దాటిన మొదటి మహిళ. మరుసటి ఏడాది పద్మశ్రీ ఇచ్చారు. అందరూ ఆ సెప్టెంబరు 29 గురించి రాస్తారు. నేను మాత్రం మధ్యలోని ఆ నెల రోజుల గురించి ఆలోచిస్తుంటాను. పడవలోకి లాగేసినాక, మళ్లీ దిగేదాకా. పందొమ్మిదేళ్లు నిండీ నిండని పిల్ల, పరాయి దేశం, చల్లటి నీళ్లు. ఆ నెల రోజులూ ఆమె పక్కన కూర్చుని, మళ్లీ దిగుదువులే అన్నవాళ్లు ఎవరో ఉండే ఉంటారు. వాళ్ల పేర్లు మనకు తెలియవు. మీరు చేయబోయేది వాళ్ల పని.

నా టైమ్ సంగతి చెప్పలేదు కదా, నీలం టీషర్టు పాప అదే చూస్తోంది. చెప్తానమ్మా. ఈ పుస్తకంలో నాలుగో నెల పేజీ. 11, 11, 12, 12. టైమ్ 1:29.4. ఆరోజు అక్క ఊళ్లో లేదు. ఎస్టీడీ బూత్‌కు పోయి ఫోన్ చేశాను. "అక్కా, తగ్గింది" అన్నాను. "చివరి లెంగ్త్ ఎన్ని?" అని అడిగింది. పన్నెండు అన్నాను. "పదకొండు అయినప్పుడు మళ్లీ ఫోన్ చెయ్" అని పెట్టేసింది.

రేపటి నుంచి శిబిరం లేదు, కానీ పూల్ ఉంది. పొద్దున ఐదున్నరకు గేటు తీస్తారు, ఈ వారమంతా నేను ఇక్కడే ఉంటాను. మీ వీధిలో, మీ స్కూల్లో, ఇంతకుముందు ఈదుతూ మానేసినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లింటికి పోయి అడగండి, ఒక్కసారి రమ్మనండి. నీలం టీషర్టు పాపా, నువ్వు రేపు నా దగ్గరికి రా. ఒక నోటుపుస్తకం, ఒక బాల్‌పెన్ను తెచ్చుకో.

ఇప్పుడు ఎవరైనా ఏమైనా అడగాలంటే అడగండి.